చాక్లెట్ రేకు

"తాళం ఇవ్వను" అందామె.

బయట వాన. కారు ముందు సీట్లో అమ్మ. మోకాలి ఆపరేషనై పది రోజులైంది. ఆస్పత్రిలో కుట్లు విప్పించుకునే వేళ దాటిపోతోంది. వైపర్లు ఆగిపోయాయని షెడ్డులోకి తెస్తే, ఈ ఎలక్ట్రీషియన్ నా తాళం చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టేసింది.

"ఫ్యూజుకి ఈ రేకు చుట్టిందెవరు?"

"నేనే. మాటిమాటికీ పోతోంటే విసుగొచ్చి... చాక్లెట్ రేకు."

"వైరు కాలకూడదనే సార్, ఫ్యూజు పోయేది. దాన్ని మీరు పోనివ్వలేదు. ఇక కాలాల్సింది వైరే కదా!"

టార్చి వేసి డాష్‌బోర్డు కింద చూపించింది. వైరు పైతొడుగు కరిగి నల్లగా వేలాడుతోంది. దానికి జానెడు దూరంలో అమ్మ మోకాలు.

"మంట లేస్తే అమ్మగారు దిగి పరిగెత్తగలరా?"

పోట్లాడబోయినవాణ్ని, వెళ్లి అమ్మవైపు తలుపు తెరిచాను. టాక్సీ ఆమే పిలిచింది. అమ్మను పట్టుకుని ఎక్కించింది కూడా ఆమే.

"సాయంత్రం రండి, చాక్లెట్ సార్."

అంత కోపంగా మమ్మల్ని ఎవరూ కాపాడలేదు. బాగుచేసిన కారు ఇంటికొచ్చాక కూడా ఆ కోపం గుర్తొస్తూనే ఉంది. మళ్లీ చూడాలనిపించింది. కానీ కారణం లేకుండా ఎవరి దగ్గరికైనా వెళ్లడం నాకు చేతకాదు.

అందుకని కారణం ఒకటి తయారుచేశాను. రేడియోదనుకుని ఒక ఫ్యూజు పీకి, షెడ్డుకు బయల్దేరాను.

"రేడియో పాడైందండీ."

ఆమె రేడియో పెట్టింది. అది హాయిగా పాడింది. తర్వాత ఫ్యూజుల పెట్టెలో ఖాళీ చూసి, నన్ను బ్రేకు తొక్కమని కారు వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ముఖం ఎర్రబడింది.

"మీరు పీకింది బ్రేకు లైట్ల ఫ్యూజు. మీరు ఆగుతున్నారని వెనకవాడికి ఎలా తెలుస్తుంది? అసలు ఎందుకు పీకారు?"

తల దించుకుని బ్రేకు మీంచి కాలు తీశాను. ఆమె వేరే ఫ్యూజు పెట్టి తాళం చేతిలో పడేసింది. ఈసారి చాక్లెట్ సార్ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పేశాను. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒరేయ్ పిచ్చోడా, ఆ అమ్మాయి నాకు కాళ్లు మిగిల్చింది. వెళ్లి నిజం చెప్పు. కారొద్దు, నడిచి వెళ్లు."

షెడ్డుకు వెళ్లేసరికి వానకు సగం తడిశాను.

"కారేదీ?" అందామె తలెత్తకుండానే.

"ఇంట్లో ఉంది. దానికి ఏ రోగమూ లేదు."

"మరి మీకేం రోగం?"

"ఆ ఫ్యూజు మిమ్మల్ని చూడ్డానికి పీకాను. తప్పే. ఆ రోజు తాళం ఇవ్వనందుకు థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ రెండూ చెబుదామని..." జేబులోంచి చాక్లెట్ తీసి బల్ల మీద పెట్టాను.

ఆమె చేతుల గ్రీజు తుడుచుకుని, రేకు విప్పి, సగం విరిచి నాకిచ్చింది. మిగతా సగం తాను తింది. రేకును మాత్రం మడిచి, ఆనాడు తాళం దాచిన జేబులోనే వేసుకుని బొత్తాం పెట్టుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. మీ చేతికిస్తే మళ్లీ దేనికి చుడతారో!"

తల ఊపాను. ఈసారి జేబు వంక చూస్తే కోపం రాలేదు.

"రేపు కూడా నడిచే రండి, చాక్లెట్ సార్" అంది.