నష్టంలో ఉన్న తొమ్మిదో బెడ్

ధడ్!

మేనేజర్ నుదురు గాజు బల్లకు కొట్టుకుంటుంది. బల్ల పగులుతుంది. నుదురు కూడా.

అకౌంటెంట్ అతని కాలర్ వదలడు.

"నిన్నటి నా షీట్‌లో ఎర్రగా ఉన్న ముగ్గురు పేషెంట్లూ పోయారు. ఎవరు చంపించారు?"

"నువ్వే!" మేనేజర్ రక్తం ఉమ్మి నవ్వుతాడు. "నష్టం తెచ్చే బెడ్లకి ఎర్రరంగు పూసింది ఎవడ్రా? మేం ఖాళీ చేయించాం... అంతే! రెండయింది చూడు. నర్సులు డ్యూటీ మారే టైమ్. ఈరోజు లిస్ట్ కూడా ఖాళీ అయిపోతుంది."

ఒకప్పుడు అకౌంటెంట్ ఈ ఆసుపత్రి బిల్లులు కూడేవాడు. ఇప్పుడు ఏ పేషెంట్ వల్ల ఎంత పోతోందో లెక్కగట్టి రోజూ పైకి పంపాలి. అంకెలకు ముఖాలుండవు. అందుకే ఆ పని అతనికి హాయిగా ఉండేది.

ఈరోజు ఎర్రబడ్డ బెడ్ నంబర్లు... రెండు. నాలుగు... తొమ్మిది.

తొమ్మిది!

అమ్మ!

స్టాఫ్ తల్లి కాబట్టి బిల్లు మాఫీ. రాబడి సున్నా. కంప్యూటర్ దానంతటదే ఎర్రరంగు వేసింది... అతను చూడకుండానే పంపేశాడు!

పరుగు!

మెట్ల మీద వెనకే బూట్ల చప్పుడు. క్యాష్ కౌంటర్ గార్డు.

"సార్! మేనేజర్‌ గారిని ఏం చేశారు? ఆగండి... కాల్చేస్తా!"

ఆగడు.

ఐసీయూ తలుపు తోస్తాడు. తొమ్మిదో బెడ్ దగ్గర టెక్నీషియన్. వాడి చేతిలో అమ్మ ఊపిరి గొట్టం!

"ఏం చేస్తున్నావురా!"

వాడు బిత్తరపోతాడు. "లిస్ట్ పంపింది మీరే కదా సార్?"

"మా అమ్మరా!"

"పేర్లుండవు కదా సార్... బెడ్ నంబరే!"

సిలిండర్ స్పానర్ చేతికి తగులుతుంది. ఒక్క దెబ్బ. దవడ విరుగుతుంది. రెండోది కణత మీద. వాడు కూలిపోతాడు. ఇక కదలడు.

గొట్టం అందుకుంటాడు. రక్తానికి జారుతోంది. అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి.

"చేతులెత్తండి!"

గుమ్మంలో గార్డు. తుపాకీ గురిపెడతాడు. అతనికి కనిపిస్తున్నవి మూడే... నేల మీద శవం, రక్తంలో తడిసిన మనిషి, ఆ మనిషి చేతిలో ఊడిన గొట్టం.

"వదిలెయ్యండి సార్... కన్నతల్లిని కూడానా?"

అంతా చెప్పాలంటే పది సెకన్లు కావాలి.

అమ్మ దగ్గర అన్ని లేవు.

వంగుతాడు. గొట్టం బిగిస్తాడు. మెషిన్ ఒక్కసారి బుస్సుమంటుంది. అమ్మ ఛాతీ... లేస్తోంది!

ఢాం!