చూడని ఇళ్లకు సంతకం

కుక్కల ఆశ్రయం నడిపే మేడమ్ ఇంగీ ఫైలు మూసి నవ్వింది. "నీ కాగితాల్లో కుక్కలన్నీ నాకంటే సుఖంగా బతుకుతున్నాయయ్యా, ఫర్‌ఘలీ!"

ఊరి బయట సఖ్ఖారా దారిలో ఉన్న ఆ ఆశ్రయంలో ఫర్‌ఘలీది ఒకటే పని. వీధికుక్కను పెంచుకుంటామని తీసుకెళ్లిన వాళ్ల ఇంటికి నెల తర్వాత వెళ్లాలి. కుక్కను కళ్లారా చూడాలి. మెడ చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది, దాని అంకెను స్కానర్‌తో చదివి, అప్పుడు సంతకం పెట్టాలి. కిందటి చలికాలం మోకాళ్ల నొప్పులని అతను ఎక్కడికీ కదల్లేదు. కాఫీ కొట్టులో కూర్చుని, ఫైల్లోని అంకెలే ఎక్కించి, సంతకాలు పెట్టేశాడు.

"ఇంజినీరు బహ్‌గత్ కొత్తిల్లు కట్టుకున్నాడు. ఇంకో కుక్క కావాలంటున్నాడు. మనం ఇచ్చిన సిమ్సిమా వాళ్ల సోఫా మీద పడుకుంటోందని రాశావుగా. రేపు ఇచ్చేద్దాం," అంది మేడమ్.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

మధ్యాహ్నమే బయల్దేరి షుబ్రా పేటలో బహ్‌గత్ పాతింటికి వెళ్లాడు. ఫైల్లో ఉన్న చిరునామా అదొక్కటే. ఎడారి గాలి లేచి, పట్టపగలే పసుపు చీకటి కమ్మింది. మెట్ల మీద మాడిన ఉల్లిపాయ వాసన. దాని కింద ఇంకేదో వాసన.

పై అంతస్తు తలుపు తెరుచుకుంది. ఉమ్ వగీహ్ అనే ముసలావిడ అతని చేతిలోని ఫైలు చూసింది.

"కుక్క కోసమా? ఇప్పుడు తెల్లారిందా నీకు?"

"ఎలా ఉందమ్మా?"

"వాళ్లు రంజాన్‌కు ముందే ఇల్లు మారారు. దాన్ని డాబా మీద వదిలేసి తాళం వేసుకుపోయారు. తలుపు సందులోంచి రొట్టె తోసేదాన్ని. పండగదాకా ఏడ్చింది. తర్వాత ఏడవలేదు."

"చచ్చిపోయిందా?"

ఆమె గొంతు తగ్గించింది. "చస్తే... ఈ వారమంతా పైన నడుస్తున్నదెవరయ్యా?"

పైకెక్కి డాబా తలుపు తాళాన్ని ఇటుకతో కొట్టాడు. మూడో దెబ్బకు ఊడింది.

డాబా అంతా దుమ్ము. ఖాళీ పావురాల గూడు. నీళ్ల డ్రమ్ము వెనక ఒక గోనెపట్టా లాంటిది. దగ్గరికెళ్తే, అది గోనె కాదు. ఎండి అట్టకట్టిన తోలు. నువ్వుల రంగు వెంట్రుకలు.

మెడ దగ్గర స్కానర్ ఆనించాడు. కీచుమంది. చివరి అంకెలు 4417. కాఫీ చప్పరిస్తూ అతను రాసినవి ఇవే.

క్షమించవే తల్లీ అనబోయాడు. అలా అడగడానికైనా ముఖం ఉండాలి కదా. తల వంచుకుని నాలుగడుగులు వెనక్కి నడిచి నిలబడ్డాడు. స్కానర్ మోకాలి పక్కన వేలాడుతోంది.

కీచుమంది.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. 4417.

అరచేతికి వెచ్చని ఊపిరి తగిలింది. నొప్పి మోకాలికి ఏదో తల ఆనింది. నేలకు తోక కొట్టుకుంటున్న చప్పుడు... డబ్... డబ్... అది సంతోషంగా ఉంది. అతను వచ్చినందుకు.

కరిచినా బాగుండేది.

ఫోను తీశాడు. మేడమ్‌కు కలిపాడు. "మేడమ్... రేపు కుక్కనివ్వకండి. నేను అప్పుడు బహ్‌గత్ ఇంటికి రాలేదు. ఇక్కడికే కాదు... ఆ చలికాలం ఒక్క ఇంటికీ వెళ్లలేదు."

మేడమ్ గొంతు మారింది. గుసగుసగా, "ఎన్ని కుక్కలు, ఫర్‌ఘలీ?"

జవాబు చెప్పేలోపు స్కానర్ మళ్లీ కీచుమంది. ఈసారి ఎడమ పక్క. 2093.

అది సిమ్సిమా అంకె కాదు. ఇస్మాయిలియా ఊళ్లో ఎవరింటికో పంపిన బుందుక్ అనే కుక్కది. దాని కాగితం మీదా తన సంతకమే.

"ఫర్‌ఘలీ, ఉన్నావా? ఎన్ని?"

కింద మెట్ల మీద గోళ్ల చప్పుడు. ఒకదాని వెనక ఒకటి... పైకి వస్తున్నాయి. లెక్కపెడదామని ఊపిరి బిగబట్టాడు.

చప్పుడు ఆగడం లేదు.