తారు పూసిన తోకదీపం

విడవలూరు అవతల, సముద్రపు ఒడ్డున పొద్దు వాలుతోంది. చేపల గంపలు సగం ట్రైలర్‌కెక్కాయి. ముందు ట్రాక్టర్ గుడగుడమంటోంది. వెనక తోకదీపం మాత్రం కన్ను తెరవలేదు.

"ఎలిగిందా మే?" అని పోలేరయ్య సీటు మీది నుంచి అడిగాడు.

"లేదు నాయనా," అంది వెనక నిలబడ్డ అంకాలు. పోలేరయ్యకు ఒక్కతే కూతురు, అయిదో తరగతి.

పోయిన నెలలో దీపం లేని బండిని చీకట్లో వెనక నుంచి లారీ గుద్దింది. ఎద్దు కాలు విరిగింది. తోకదీపం వెలగనిదే ట్రైలర్ కదలకూడదని ఆనాడే ఊరంతా కట్టడి చేసుకున్నారు. దీపం ఆగితే ట్రైలర్ ఆగుతుంది. ట్రైలర్ ఆగితే చేప ఆగుతుందా? కుళ్లుతుంది.

మొన్న ఈ దీపానికి వైరు వేసిన పక్కూరి మెకానిక్ జకరయ్యకు కబురు వెళ్లింది. అతను సంచీతో వచ్చి బల్బు మార్చాడు. వెలగలేదు. ఇంకోటి పెట్టాడు. ఊహూఁ. ట్రాక్టర్ దీపాలు కళ్లప్పగించి చూస్తున్నాయి గాని, తోకదీపం మొహం మాడ్చుకునే ఉంది.

"మొన్న ఏసిన వైరు అప్పుడే చచ్చిందంటే, ఏసినోడి పనితనం ఏపాటిదో," అని అంకాలు అవ్వ నాగులమ్మ గొణిగింది. గొణుగుడంటే పక్కవాళ్లకు వినపడాలి. నాగులమ్మ గొణిగితే పక్కూరికి వినపడుతుంది.

ఇక మన పని ఇతనికి వద్దని ఎవరో అన్నారు. పోలేరయ్య కూడా తల ఊపాడు. జకరయ్య చెమట తుడుచుకుని ట్రైలర్ కిందికి దూరాడు.

పొద్దున జరిగింది అంకాలు ఒక్కదానికే తెలుసు.

పడవవాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. చెక్కకు మేకు కొట్టేముందు కన్నంలో తారు పోస్తారు, మేకునూ తారులో ముంచుతారు. అప్పుడు ఉప్పునీళ్లు దాన్ని తినవు. పొద్దున నాయన పడవకు తారు పూశాక డబ్బాలో కాస్త మిగిలింది. ట్రైలర్ కింద, దీపం తీగను ఇనుప చట్రానికి బిగించిన బోల్టు తుప్పు పడుతోంది. పాపం, దాన్నెవరు పట్టించుకుంటారు? అంకాలు నట్టు విప్పింది. బోల్టుకూ, తీగ కొసకూ, చట్రానికీ శ్రద్ధగా తారు పూసి మళ్లీ బిగించింది. నాయన మెచ్చుకుంటాడనుకుంది. పని తారుమారవుతుందనుకోలేదు.

చెబితే నాయన తిడతాడు. చెప్పకపోతే జకరయ్య మామకు పని పోతుంది. అంకాలు కూడా ట్రైలర్ కిందికి దూరి అతని చెవిలో చెప్పేసింది.

జకరయ్య కోప్పడలేదు. ఒక తీగ ముక్కతో దీపాన్ని పూత లేని ఇనుముకు తాకించాడు. దీపం ఎర్రగా కన్ను తెరిచింది.

"చూడు మే. కరెంటు బ్యాటరీ నుంచి తీగలో దీపానికి పోతాది. తిరిగి రావాలంటే ఈ ఇనుమే దారి. దీన్నే ఎర్త్ అంటాం. తీగ కొసా ఇనుమూ తగిలితేనే అది వస్తాది. నువ్వు నడిమధ్య తారు పూసినావు. తారు రోడ్డు మీద బస్సు పోతాది గానీ, కరెంటు పోదు."

చాకుతో తారు గీకాడు. తర్వాత అంకాలు చేతికి ఉప్పు కాగితం ఇచ్చాడు. ఉప్పుగాలి తెచ్చిన తుప్పును ఉప్పు కాగితమే వదిలించాలట. బోల్టు తళతళలాడేదాకా ఆ పిల్ల రుద్దింది. అతను గట్టిగా బిగించాడు.

"ఇప్పుడు పైన పూయొచ్చా మామా?" అని అడిగింది.

"ఇప్పుడు పూయి. ముందు తగలాల, బిగియాల. పూత ఆ తర్వాతే."

దీపం వెలిగింది. ఈపాటి దానికి ఇంతసేపా అని నాగులమ్మ మళ్లీ అందుకుంది. జకరయ్య నవ్వి సంచి సర్దుకున్నాడు. చెవిలో విన్న మాటను చెవిలోనే దాచుకున్నాడు.

అంకాలు ట్రైలర్ కింద నుంచి బయటికి వచ్చింది. ముక్కు మీద తారు. గంపలవాళ్ల మధ్యకు పోయి నిలబడింది.

"అవ్వా, మామ ఏసిన వైరు మంచిదే. బోల్టుకు తారు పూసి చెడగొట్టింది నేను," అంది, అవ్వ గొణిగినంత గట్టిగా.

పోలేరయ్య కూతురి వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత సీటు పక్కన చోటు చేసి, "ఎక్కు జకరయ్యా, మీ ఊళ్లో దించిపోతా," అన్నాడు.

నాగులమ్మకు ఆ పూట గొణగడానికి ఇంకేం దొరకలేదు.