తూర్పు ముఖం, తియ్యటి నీళ్లు

ఫ్రాన్స్ పల్లెటూళ్లో వందల ఏళ్ల నాటి జమీందారు బంగళా అమ్మకానికి వస్తే, ప్రకటనలో మొదటి మాటగా ‘తూర్పు ముఖం’ అని రాసిన మహానుభావుడు బ్లెస్సన్ ఒక్కడే అయ్యుంటాడు. ఆ వెనకే ‘తియ్యటి నీళ్ల బావి, చర్చికి నడిచి వెళ్లేంత దూరం, కార్ పార్కింగ్ కలదు’ అని కూడా చేర్చాడు.

పాపం, అతన్ని అని లాభం లేదు. విజయవాడలో కొన్నేళ్లు ఫ్లాట్లు అమ్మి, ఒమాన్ వచ్చి, మస్కట్‌లోని అల్ మవాలేలో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో చేరాడు. విదేశాల్లోని ఇళ్లు అమ్మే సీటు ఖాళీగా ఉందని అందులో కూర్చోబెట్టారు. చేతికి అలవాటైన మాటలే కాగితం మీదకి వచ్చాయి. బాస్ షరీఫ్ తల పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. ఇంగ్లిష్‌లో మొదలైన ఆడగొంతు, ఇతని పేరు వినగానే తెలుగులోకి దిగిపోయింది.

“తూర్పు ముఖం అని చదవగానే అనుకున్నాను, మనవాళ్లే రాసుంటారని. అది జమీందారు బంగళా అండీ, గుణదలలో డబుల్ బెడ్‌రూమ్ కాదు.”

“తప్పయితే తీసేస్తాను మేడమ్.”

“నేను మేడమ్‌ని కాదు, మేడమ్ దగ్గర నర్సుని. ఫేబా. అది మాత్రం తీయకండి. చదివి వినిపిస్తే మేడమ్ నవ్వారు. సార్ పోయాక ఆవిడ నవ్వగా చూడటం ఇదే మొదటిసారి.”

బంగళా మేడమ్ ఎలెన్‌దే. భర్త ఒమాన్‌లోనే సూర్ అనే ఊళ్లో ఇంజినీరుగా పనిచేస్తూ, ప్రతి సెలవులకీ వెళ్లి ఆ పాడుబడ్డ బంగళాని రాయి రాయి పేర్చి నిలబెట్టాడట. ఈ సంగతులన్నీ బ్లెస్సన్ వాళ్లింట్లోనే విన్నాడు. ఫొటోలు తీసుకోవాలని ఒకసారి వెళ్లాడు, ఫొటోలు సరిగ్గా రాలేదని మరోసారి వెళ్లాడు. నిజానికి ఫొటోలు బాగానే వచ్చాయి.

మేడమ్ చెప్పే మాటల్లో గోపురాలూ గొప్పలూ లేవు. భర్త నడుం లోతు బురదలో దిగి పూడిక తీసిన బావి ఉంది. పొద్దున్నే ఎండ వచ్చి వాలే వంటింటి కిటికీ ఉంది. నువ్వు రాసింది అక్షరాలా నిజమని ఆవిడ బ్లెస్సన్ చెయ్యి నొక్కింది. ఇంకేం, అతని గుండె ఉప్పొంగింది. అప్పుడే ఫేబా టీ తెచ్చిచ్చి, “పంచదార సరిపోయిందా బ్రదర్?” అంది.

ఆ ఉప్పొంగిన గుండె కాస్తా టీలో బిస్కెట్టులా మెత్తబడింది. మన చర్చిల్లో అదొక ఇబ్బంది. పెళ్లికాని కుర్రాళ్లందరూ బ్రదర్లే. మందలింపుకీ అదే మాట, మర్యాదకీ అదే మాట. ఆ మాటని దాటి లోపలికి వెళ్లే దారి ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఫేబా అసలు విషయం చెప్పింది. ఎండలు ముదిరేలోగా బంగళా అమ్ముడుపోకపోతే, దాన్ని చూసుకోవడానికి మేడమ్ ఫ్రాన్స్ వెళ్లిపోతుంది. అమ్ముడైతే మస్కట్‌లోనే ఉంటుంది. ఫేబా వీసా మేడమ్ పేరు మీదే ఉంది. మేడమ్ వెళ్తే తను పాలకొల్లు బండెక్కాల్సిందే.

ఒమాన్‌లో వారపు సెలవైన ఆ శుక్రవారం, తెలుగు చర్చి ఆరాధనలో ప్రార్థన విన్నపాల సమయంలో బ్లెస్సన్ లేచి నిలబడ్డాడు. “ఒక ఇల్లు అమ్ముడుపోవాలి. సంఘం ప్రార్థన చేయాలి” అన్నాడు. ఏ ఇల్లో చెప్పాడు గానీ ఎందుకో చెప్పలేదు.

ఆ సంఘంలోని మణికుమారి ఆంటీ హాస్పిటల్‌లో పెద్ద నర్సు. ఎవరు ఏ విన్నపం పెట్టినా ఆమెకి కంఠతా ఉంటుంది. జవాబొచ్చి సాక్ష్యం చెప్పేదాకా వదిలిపెట్టదు. ఆరోజు నుంచీ కనబడ్డ చోటల్లా ఇల్లు ఏమైందని నిలదీస్తోంది.

ఈమధ్యే అదే ఆరాధనకి రావడం మొదలుపెట్టిన ఫేబా మాత్రం చర్చి మెట్ల మీద ఆపి ఆటపట్టించింది. “దేవుణ్ణి కూడా మీ సేల్స్ టీమ్‌లో వేసుకున్నారా బ్రదర్? కమీషన్‌లో ఆయనకెంత?”

కమీషన్ కోసం కాదని చెప్పాలనుకున్నాడు. “దశమభాగం” అనేసి మెట్లు దిగాడు.

చూడటానికి వచ్చినవాళ్లంతా గోపురం గురించి అడిగి, పెళ్లిళ్లకి అద్దెకివ్వొచ్చా అని అడిగి వెళ్లిపోయారు. ఎండలు దగ్గరపడుతున్నాయి. ఆఖరికి అల్ సువైక్‌లో ఖర్జూరం తోటలున్న బిలాల్ వచ్చాడు. సరిగ్గా అతను మేడమ్ ఇంట్లో అడుగుపెట్టగానే, అక్కడ ఎప్పుడో గానీ పడని వాన మొదలైంది.

మనూళ్లో అయితే కిటికీలు మూసేవాళ్లం. బిలాల్ బేరం పక్కన పెట్టి, బాల్కనీలోకి పోయి చేతులు చాచి నిలబడ్డాడు. మేడమ్ కూడా వెళ్లి పక్కన నిలబడింది. లోపల మిగిలిన ఇద్దరూ వానని చూస్తున్నట్టు నటిస్తూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఫేబా బ్రదర్ అనలేదు.

తడిసిన ముఖంతో లోపలికొచ్చి బిలాల్ ఒక్కటే అడిగాడు. “ఆ బావి నీళ్లు నిజంగా తియ్యగా ఉంటాయా?”

“మా ఆయన ఆ ఇంట్లో ఇంకో నీళ్లు ముట్టుకునేవాడు కాదు,” అంది మేడమ్.

నీళ్ల విలువ తెలిసినవాడు. బావిని ఎప్పటికీ పూడ్చనని తనంతట తనే మాటిచ్చి బంగళా తీసుకున్నాడు. మేడమ్ ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చిందని ఫేబా చెప్పాక గానీ బ్లెస్సన్ ఊపిరి తీసుకోలేదు.

తర్వాతి శుక్రవారం మేడమ్ తనే చర్చికి వచ్చింది, తెలియని భాషలో తనకోసం ప్రార్థించిన వాళ్లని చూడాలని. ఆవిడ వెనక వరసలో ఫేబా పక్కన కూర్చుంది. మణికుమారి ఆంటీ బ్లెస్సన్‌ని చూపుతోనే లేపింది.

“సంఘానికి వందనాలు. ఇల్లు అమ్ముడుపోయింది. అందుకు దేవునికి స్తోత్రం,” అన్నాడు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కానీ సాక్ష్యం సగం చెప్పి దాచుకోవడం అతనికి చేతకాలేదు. “ఎందుకు అడిగానో అప్పుడు చెప్పలేదు. కమీషన్ కోసం కాదు. మేడమ్ వెళ్లిపోతే ఫేబా గారు కూడా వెళ్లిపోతారని అడిగాను. ఆవిడ ఉండిపోయారు. నాకు అదే చాలు, ఇల్లు అమ్ముడైనందుకన్నా దానికే ఎక్కువ కృతజ్ఞతలు.”

మేడమ్ ఫేబా వైపు వంగి, ఏమన్నాడని ఇంగ్లిష్‌లో అడిగింది. ఫేబా చెంపలు ఎర్రబడ్డాయి. అయినా నర్సు కదా, ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటు. ఒక్కో మాటా గొంతు తగ్గించి అనువదించింది.

మేడమ్ అంతా విని, “మరి నర్సు ఏమంటుంది?” అంది.

ఫేబా చున్నీ తలమీదకి సర్దుకుని లేచి నిలబడింది.

“నాది చిన్న సాక్ష్యం. ఆ విన్నపం నేనూ పెట్టుకున్నాను, పైకి చెప్పకుండా. బ్లెస్సన్ బ్ర...” అని ఆగింది. అందరూ తల తిప్పి చూశారు. “బ్లెస్సన్ చెప్పిన దానికి ఆమేన్.”

మణికుమారి ఆంటీ అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.