మగ్గం నడిచిన అడుగులు

"మీ నాయనది నిన్న ఎంత మే?"

మధ్యాహ్న భోజనం వరసలో కంచం పట్టుకుని నిలబడ్డ వీరేష్ ముందు అదే అడిగాడు.

"పదమూడు వేల ఎనిమిది వందల డెబ్బై," అంది ప్రసన్న.

వరసలో ఉన్న పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ప్రసన్నకు భలే హుషారొచ్చింది. ఇది మూడో రోజు! ఆరో తరగతిలోనే కాదు, వాళ్ల వీధి మొత్తంలో వాళ్ల నాయనే ఫస్టు.

వీరేష్ మూతి ముడిచాడు. "మా నాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూరగాయల బండి తోసుకొని ఊరంతా తిరుగుతాడు. ఆయనకే ఐదు వేలు దాటలే. మీ నాయన మగ్గం నేస్తాడు కదా. యాడ తిరుగుతాండాడు అంత?"

"శానా చోట్ల," అంది ప్రసన్న. వెంటనే శెనగ చిక్కీ మొత్తం నోట్లో పెట్టేసుకుంది. నోటి నిండా చిక్కీ ఉంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

ఈ అడుగుల పోటీ మొదలై పది రోజులైంది. ఉరవకొండలో వాళ్ల వీధికి అనంతపురం నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. కూర్చుని పని చేసేవాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, తిరుగుతూ పని చేసేవాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, అది చూడాలట. ఆ బృందంలో అరుణజ్యోతి అనే అక్క ఇంటింటికీ వచ్చింది. పెద్దవాళ్ల నడుముకు టేపు చుట్టి కొలిచింది. బీపీ చూసింది. పొద్దున్నే ఏమీ తినకముందు వేలికి చిన్న సూది గుచ్చి షుగర్ చూసింది.

ప్రసన్న వాళ్ల నాయన సోమశేఖర్ పరీక్షల కాగితాన్ని అరుణక్క రెండుసార్లు చదివింది.

"అన్నా, మీకు షుగర్ ఇంకా రాలేదు. కానీ గడప కాడికి వచ్చి నిలబడింది," అంది. "మీ అమ్మకు షుగర్ ఉండాది. మీ నడుము లావైంది. బీపీ కొంచెం ఎక్కువుండాది. దినమంతా కూర్చునే పని. అన్నీ కలిసినాయి. రోజూ సాయంత్రం అర్ధగంట నడవండి. గంటకొకసారి మగ్గంలోంచి లేయండి. దాన్ని గడప కాడి నుంచే పంపించేయొచ్చు."

తర్వాత, వీధిలో మిగతావాళ్లకు కట్టినట్టే, నాయన చేతికి కూడా నల్లటి బ్యాండు కట్టింది. గడియారంలా ఉంది కానీ గడియారం కాదు. ఎన్ని అడుగులు నడిచామో చూపిస్తుంది.

"ఒక్క షరతు," అంది అరుణక్క. "చెయ్యి ఊగితే చాలు, ఈ బ్యాండు దాన్ని అడుగు అనుకుంటుంది. మగ్గం నేసేవాళ్ల చేతులు ఊగుతానే ఉంటాయి కదా. అందుకే మగ్గంలో కూర్చునేముందు తీసేయల్ల. మళ్లీ లేచినప్పుడు కట్టుకోవల్ల. తీసిన టైమూ, కట్టిన టైమూ ఈ పుస్తకంలో రాయల్ల. ఎవరు రాస్తారు?"

"నేను!" అని ప్రసన్న రెండు చేతులూ ఎత్తేసింది. నాయన బ్యాండును తిప్పి చూసుకోవడంలో పడి ఆ మాటలు సగమే విన్నాడు.

మగ్గం పక్కన గోడకు ఒక మేకు ఉంది. బ్యాండును దానికి తగిలించడం, టైము రాయడం ప్రసన్న పని. బడికి పోయేముందు తగిలించేది. మధ్యాహ్నం ఆ పని అమ్మ చూసేది. సాయంత్రం నాయన కొండ దిక్కు నడిచి వచ్చాక ప్రసన్న అడుగులు చూసేది. రెండు వేల ఎనిమిది వందలు. మూడు వేల వంద. మూడు వేల నలభై.

బళ్లో చెబితే పిల్లలు నవ్వేవాళ్లు. "మా అవ్వ కూడా అంతకంటే ఎక్కువ నడుస్తాది!"

మంగళవారం ప్రసన్న లేటుగా లేచింది. జడలు వేసుకుంటూనే బడికి పరుగెత్తింది. బ్యాండు తీయడం మర్చిపోయింది! అమ్మ ఆ వారం పెళ్లికని కళ్యాణదుర్గం పోయింది. గుర్తు చేసేవాళ్లు లేరు.

సాయంత్రం వచ్చి చూస్తే, 14,312.

ప్రసన్న కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అవును, 14,312!

ఎందుకో ఆమెకు వెంటనే అర్థమైంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న నాయన కుడిచేత్తో తాడు గుంజుతాడు. పట్టు పోగుల మధ్య అడ్డపోగు మోసే నాడె సర్రున దూసుకుపోతుంది. ఎడమచేత్తో చెక్కను దబ్బుమని తన వైపు లాగుతాడు. గుంజుడు, దబ్బు. గుంజుడు, దబ్బు. పొద్దంతా అదే. బ్యాండు వాటన్నిటినీ అడుగులు అనుకుంది.

అది తప్పు లెక్క. తెలుసు. కానీ మూడు వేలతో పోలిస్తే పద్నాలుగు వేలు చూడ్డానికి ఎంత బాగుందో!

ప్రసన్న పుస్తకంలో 14,312 అని రాసింది. పక్కన, బ్యాండు ఎప్పటిలాగే మేకుకు ఉన్నట్టు టైములు కూడా రాసేసింది.

బుధవారం పొద్దున నాయన మగ్గంలోకి దిగుతూ చెయ్యి చాపాడు. "పాపా, ఇది తీయల్ల కదా?"

"ఏం కాదులే నాయనా, ఉండనీ."

నువ్వు చదువుకున్నదానివి, నీకే తెలుసు అన్నట్టు నాయన తల ఊపాడు. అంతే.

శుక్రవారం మధ్యాహ్నం వీరేష్ అడిగిన ప్రశ్న ప్రసన్న చెవిలోనే ఉండిపోయింది. యాడ తిరుగుతాండాడు? ఇంటికి వచ్చేదాకా అదే.

ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. కాగితంలో ఇంకా నాలుగు ఉన్నాయి. చెప్పులు గోడ వారగా ఉన్నాయి. వాటి మీద ఎర్రటి దుమ్ము పేరుకుంది.

లోపల మంచం మీద నాయన వాళ్లమ్మ నాగరత్నమ్మ అవ్వ కాలికి కట్టు విప్పుతోంది. షుగర్ వల్ల ఆమె పాదం మీద పుండు రెండు నెలలుగా మానలేదు. రోజూ కట్టు మార్చుకోవాలి. ప్రసన్న పోయి మందు డబ్బా మూత తీసి పట్టుకుంది.

"ఏం శేఖరా, నాలుగు దినాలాయ. కొండ దిక్కు పోవడమే లేదే?" అని కేకేసింది అవ్వ.

"ఇంగేం పోయేది మా! ఇంట్లోనే పద్నాలుగు వేలు అవుతాండాయి. అరుణమ్మ అర్ధగంట నడవమంటే నాలుగింతలు నడుస్తాండా. మిషను అబద్ధం చెప్తాదా?" నాయన ఇంకో బజ్జీ తీసుకున్నాడు. "నీ షుగర్ నాకు రాదులే. గడప దిగి పోయింటాది."

"నేనూ ఇట్లే అంటి," అంది అవ్వ, మందు రాసుకుంటూ. "ఏం కాలేదు, బాగుండా అంటి. ఈ పుండు వచ్చినాక తెలిసింది."

ప్రసన్న చేతిలో డబ్బా కదలలేదు. ఆమె పుండు వైపు చూసింది. తర్వాత బయట నాయన వైపు చూసింది. ఆయన చేతికి బ్యాండు ఉంది. బ్యాండు మీద 14,090 ఉంది. అందులో నాయన నడిచినవి ఎన్ని? మగ్గం దగ్గరికి, పెరట్లోకి, అంగడికి. వెయ్యి కూడా ఉండవు.

రేపు పొద్దున అరుణక్క వస్తుంది. పుస్తకం చూస్తుంది. ఈయన బాగా నడుస్తున్నాడు అని రాసుకుని పోతుంది. నాయన ఇంక ఎప్పటికీ నడవడు!

చెబితే? వీరేష్ నవ్వుతాడు. క్లాసంతా నవ్వుతుంది. నాయన తిడతాడేమో.

ప్రసన్న మందు డబ్బా మంచం మీద పెట్టేసి బయటికి వచ్చింది.

"నాయనా, ఒకసారి మగ్గంలో కూచో."

"ఇప్పుడా? ఏందమ్మీ, ఇప్పుడే కదా లేచింది."

"ఒక్క నిమిషం. రా నాయనా."

నాయన చెయ్యి తుడుచుకుని మగ్గం గుంతలోకి దిగాడు. ప్రసన్న బ్యాండు చూపించింది. "ఎంత ఉండాది?"

"నువ్వే చదువు."

"పద్నాలుగు వేల నూట ఆరు. ఇప్పుడు ఇరవై సార్లు గుంజు."

గుంజుడు, దబ్బు. గుంజుడు, దబ్బు. ప్రసన్న లెక్కపెట్టింది. ఇరవై కాగానే నాయన చెయ్యి పట్టుకుని బ్యాండు తిప్పింది.

"పద్నాలుగు వేల నూట ఇరవై మూడు. నువ్వు నడిచినావా నాయనా?"

నాయన బ్యాండు చూశాడు. గుంతలో ఉన్న తన కాళ్లు చూశాడు. మళ్లీ బ్యాండు చూశాడు.

"తీయల్ల అని అరుణక్క చెప్పింది. మంగళవారం మర్చిపోయినా. తర్వాత మర్చిపోలేదు. నేనే తీయలేదు," అంది ప్రసన్న. "బళ్లో ఫస్టు రావల్లని."

నాయన చేతిలోని తాడు వదిలేశాడు.

"అంటే ఈ నాలుగు దినాలు నేను నడవనే లేదు," అన్నాడు.

"ఊఁ."

"నిన్ను నమ్ముకొని బజ్జీలు తింటి కదే!"

ప్రసన్నకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే గెలిచింది.

"ఏడ్చింది చాలు," అన్నాడు నాయన గుంతలోంచి లేస్తూ. "ఆ మిగిలిన బజ్జీలు మీ అవ్వకు కనపడకుండా ఎవరికన్నా ఇచ్చిరా పో. చెప్పులు యాడ?"

ప్రసన్న చెప్పులు దులిపి తెచ్చింది.

ఇద్దరూ కొండ దిక్కు నడిచారు. రోడ్డుకు అటూ ఇటూ శెనగ చేన్లు. వాన లేక ఆకులు ముడుచుకున్నాయి. దూరంగా మిట్ట మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి.

నాయన ఆయాసపడుతూ వాటి వైపు వేలు చూపించాడు. "పాపా, బ్యాండు దానికి కడదామా? వీరేష్ వాళ్ల నాయన దాన్ని గెలవలేడు."

ఈసారి నవ్వే గెలిచింది.

శనివారం పొద్దున్నే అరుణక్క వచ్చింది. ప్రసన్న పుస్తకం ఇచ్చింది. నాలుగు రోజుల లెక్క మీద గీత కొట్టి ఉంది. కింద ఇలా రాసి ఉంది. "మగ్గంలో బ్యాండు తీయలేదు. టైములు నేను ఊరికే రాసినాను. మా నాయనకు తెలియదు. లక్ష్మీప్రసన్న."

అరుణక్క అది చదివి తన ఫోన్ తీసింది. "బ్యాండులోది ఇందులోకి కూడా వస్తుంది. మంగళవారం ఏడు నుంచి తొమ్మిది దాకా బ్యాండు మేకుకు ఉండాదని నువ్వు రాసినావు. ఆ టైములోనే మూడు వేల అడుగులు పడినాయి. మేకు నడిచి యాడికన్నా పోయిందా అనుకుంటి."

ప్రసన్న తల వంచుకుంది.

"ఈ నాలుగు దినాలు లెక్కలోంచి తీసేస్తా," అంది అరుణక్క. "అన్న ఇంకో నాలుగు దినాలు ఎక్కువ కట్టుకోవల్ల. పుస్తకం ఎవరు రాస్తారు?"

ప్రసన్న ఈసారి చెయ్యి ఎత్తలేదు. నాయన వైపు చూసింది.

"అదే రాస్తాది," అన్నాడు నాయన. "నేను కూడా చూస్తాలే."

ఆ మధ్యాహ్నం బళ్లో వీరేష్ చిక్కీ కవరు చింపుతూ అడిగాడు. "నిన్న ఎంత మే?"

చుట్టూ అందరూ చూస్తున్నారు.

"లెక్క లేదు. మొన్నటివి కూడా తప్పు. అవి మా నాయన నడిచినవి కావు, మగ్గం నడిచినవి. చెయ్యి ఊగితే బ్యాండు అడుగు అనుకుంటాది, నేను దాన్ని తీయలేదు. మా నాయన రోజుకు మూడు వేలే నడుస్తాడు."

"అబ్బో! మూడు వేలకు ఫస్టు అంట!" అని వీరేష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరూ నవ్వారు. ప్రసన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అక్కడే నిలబడి చిక్కీ కొరికింది.

కాసేపటికి వీరేష్ నవ్వు ఆగిపోయింది. "ఉండు ఉండు. చెయ్యి ఊగితేనే అడుగు అంటివి కదా?"

"ఊఁ."

"మా నాయన రెండు చేతులతో బండి పట్టుకొని తోస్తాడు. చెయ్యి ఊగదు. అంటే, ఆయన అడుగులన్నీ యాడికి పోతాండాయి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అరుణక్క ఇంకా మన వీధిలోనే ఉండాది. సాయంత్రం దాకా ఉంటాది," అంది ప్రసన్న.

బడి వదిలారో లేదో వీరేష్ సంచి ఊపుకుంటూ పరుగెత్తాడు.

ప్రసన్న ఇంటికి వచ్చింది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. గుంజుడు, దబ్బు. గుంజుడు, దబ్బు. బ్యాండు మేకుకు వేలాడుతోంది. పుస్తకంలో నాయన వంకర అక్షరాలతో "2.10 తీసినా" అని రాసి ఉంది.

బ్యాండు మీద 640 ఉంది. ప్రసన్న కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. నాడె అటూ ఇటూ పరుగెత్తింది. 640 అలాగే ఉంది.

ఆమె బ్యాండు తీసి నాయన చేతికి కట్టింది. పుస్తకంలో 4.40 అని రాసింది. చెప్పులు తెచ్చి గుంత పక్కన పెట్టింది.

"లే నాయనా."

నాయన మూలుగుతూ లేచాడు. ఇద్దరూ గడప దాటేసరికి 648.