సీటు కింద నల్ల దుమ్ము

సహస్ర తడిగుడ్డతో కిటికీ గట్టు తుడుస్తోంది. గుడ్డను బకెట్లో ముంచి పిండితే నీళ్లు నల్లబడ్డాయి. మళ్లీ ముంచింది, మళ్లీ పిండింది. ఆదివారమైనా సరే, ఈ పని తప్పదు. చీపురుతో ఊడిస్తే బొగ్గు దుమ్ము లేస్తుంది. దుమ్ము లేస్తే కిటికీ పక్కన మంచం మీదున్న తాతకు దగ్గు మొదలవుతుంది. మొదలైతే ఒక పట్టాన ఆగదు.

తాత పేరు బుచ్చన్న. వయసంతా గోదావరిఖని గనుల్లో, భూమి లోపల బొగ్గు తవ్వాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయిందని డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు సహస్ర వాళ్ల బాపు రఘుపతి కూడా గనిలోనే పని చేస్తున్నాడు.

తాతను నెలనెలా కరీంనగర్‌లోని పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఆటోలో బస్టాండ్‌కు, అక్కడి నుంచి బస్సు, దిగాక మళ్లీ ఆటో. పోయిన నెల బస్సులో తాతకు ఊపిరాడక పెదవులు నీలంగా మారాయి. ఆ రోజే బాపు ఒక నిర్ణయానికి వచ్చాడు. కొత్త కారు తమ వల్ల కాదు. దారిలో ఆగకుండా తాతను దవాఖానకు చేర్చే పాత కారు, చిన్నదైనా సరే, ఒకటి కొనాలి.

"అయిందా బిడ్డా? జైపాల్ కాక ఆటో తీస్కొచ్చిండు" అని అమ్మ యమున పిలిచింది.

జైపాల్ ఎదురు క్వార్టర్‌లో ఉంటాడు. బాపుతో ఒకే షిఫ్టు. గనిలో చేరకముందు జీపు నడిపేవాడు కాబట్టి బండ్ల సంగతి తెలుసు. ఆయన కొడుకు రుత్విక్ సహస్ర క్లాసులోనే చదువుతాడు. గేటు మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

"ఎర్ర కారే కొంటరా?" అన్నాడు రుత్విక్.

"ఎర్రదే. క్లాసుల చెప్పిన గదా."

"హారన్ లేకున్నా పర్వాలేదులే. మీ తాతను ముందట కూసోబెట్టుండ్రి. దగ్గుతే అందరు పక్కకు జరుగుతరు!"

సహస్రకు ముఖం మండిపోయింది. "నువ్వు ఎక్కుతానన్నా ఎక్కనియ్యను పో!" అని ఆటోలో కూర్చుంది. ఎర్ర కారు తప్ప ఇంకేదీ ఇంటికి రాకూడదని గట్టిగా అనుకుంది.

తాతను కూడా వెంటబెట్టుకుని, మంచిర్యాలలో మొదట కారు అమ్ముతున్న వామనరావు సారు ఇంటికి వెళ్లారు. ఆయనది మంథని. బడిలో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నాడు. కారు బూడిద రంగుది. తలుపు మీద సొట్ట ఉంది.

"మా గేటే తగిలింది నాయనా" అన్నాడు సారు. "ముందు టైర్లు రెండూ మార్చుకోవాలి. ఏసీ అంతంత మాత్రమే. ఇంజనుకు మాత్రం ఢోకా లేదు. మొన్ననే తిరుపతి పోయి వచ్చాం."

జైపాల్ కారు కింద పడుకుని చూశాడు, స్టార్ట్ చేసి విన్నాడు, వీధి చివరి దాకా నడిపి వచ్చాడు. తాత మెల్లగా ఎక్కి కూర్చున్నాడు.

"మోకాళ్లు వంచకుంటనే కూసున్న రఘుపతీ. ఇంట్ల కుర్చీల కూసున్నట్టే ఉన్నది" అన్నాడు తాత. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు కనబడింది.

బాపు కూడా తల ఊపాడు. సహస్ర బాపు చొక్కా పట్టి లాగింది.

"ఇంకోటి చూద్దాం బాపూ. ఎర్రది ఉందన్నరు గదా. ఒక్కసారి!"

ఎర్ర కారు మెయిన్ రోడ్డు మీద, పాత కార్లు అమ్మే చోట ఉంది. ఎండలో తళతళలాడుతోంది. ధర కూడా దాదాపు అంతే. అమ్మే మనిషి బానెట్ మీద ప్రేమగా తట్టాడు.

"హైదరాబాద్ల డాక్టర్ది అన్నా. వారం కింద తెచ్చిన. మీ బొగ్గు దుమ్ము మొఖమే చూడలే ఇది."

బాపు తాతను చెట్టు నీడలో కూర్చోబెట్టి ఆయనకు మంచినీళ్లు తాగిస్తున్నాడు. జైపాల్ సహస్రను కారు దగ్గరికి పిలిచాడు.

"ఇటు రా బిడ్డా. నాకొక పని చేసిపెట్టు. ఓపెన్‌కాస్టు గనులల్ల, అంటే నేల పైనుంచే తవ్వేటి గనులల్ల, కిరాయికి తిరిగిన బండ్లుంటయి. పొద్దంతా బొగ్గు దుమ్ములనే తిరుగుతయి. ఇంజను లోపల అరిగిపోతది. అమ్మేటోళ్లు మంచిగ కడిగి, రంగేసి, హైదరాబాద్‌ది అని చెప్తరు."

"మరి ఎట్ల తెలుస్తది కాకా?"

"సీటు ముందుకు ఎనకకు జరిగే ఇనుప పట్టాలుంటయి సూడు, ఆ సందుల ఎంత కడిగినా పోదు. నా చెయ్యి దూరుతలేదు, నీది చిన్నది. ఏలు పెట్టి సూడు. మట్టి రంగు దుమ్మైతే ఫికర్ లేదు. నల్లగ, జిడ్డుగ అంటితే బండి ఇడిసిపెట్టుడే. అప్పుడు సారు కారే కొందాం."

జైపాల్ లేచి టైర్లు చూడటానికి వెనక్కి వెళ్లాడు. సహస్ర మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టింది. సందు ఇరుకుగా ఉంది. వేలు లోపలికి తోసి, బయటికి తీసింది.

వేలు నల్లగా ఉంది. గోటి సందులో కూడా నలుపు దిగింది. బొటనవేలితో రుద్దితే కాటుకలా సాగింది.

వెనక నుంచి జైపాల్ కాక గొంతు వినబడింది. "ఏమన్న అంటిందా బిడ్డా?"

గేటు మీద కాళ్లూపుతూ నవ్విన రుత్విక్ గుర్తొచ్చాడు. సొట్ట పడిన బూడిద రంగు కారు బడి ముందు ఆగినట్టు ఊహించుకుంది. గబగబా వేలిని తన నల్ల లెగ్గింగ్‌కు తుడుచుకుని, చెయ్యి జేబులో పెట్టుకుంది.

"ఏం లేదు కాకా."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

జైపాల్ చేతులు దులుపుకున్నాడు. "అన్నా! దుమ్ము జాడ లేదు. సారు కారుకన్న కొత్తది కూడా. ఇగ నీ ఇష్టం" అని బాపుకు చెప్పాడు.

ఎర్ర కారు ఇంటికొచ్చింది. క్వార్టర్ల పిల్లలంతా దాని చుట్టూ మూగారు. సహస్ర చివరికి రుత్విక్‌ను కూడా ఎక్కనిచ్చింది. కానీ బాపు కారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఆమె మాట్లాడటం ఆపి చెవులు రిక్కించేది. లోపల ఏదో గరగరమంటోందా? లేదులే అని తనకు తానే చెప్పుకునేది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం తాతకు దగ్గు ఎక్కువై, ఊపిరి అందలేదు. బాపు ఆయన్ను కారులో వెనక పడుకోబెట్టాడు. అమ్మ ముందు కూర్చుంది. సహస్ర తాత తలను ఒళ్లో పెట్టుకుంది.

పెద్దపల్లి దాటాక కారు గుంజడం తగ్గింది. ముందు నుంచి పొగ లేచింది. ఒక్కసారి గట్టిగా ఊగి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

బాపు మళ్లీ మళ్లీ తాళం తిప్పాడు. కారు కదలలేదు. దిగి, వచ్చే పోయే బండ్లకు చేతులెత్తాడు. కార్లు, లారీలు పక్క నుంచి హారన్ కొట్టుకుంటూ పోయాయి. లోపల పొయ్యిలా ఉంది. తాత గాలి పీల్చినప్పుడల్లా ఆయన మెడ కింద గుంట పడుతోంది.

"తాతా, అయిపాయె, అచ్చినం" అంటూ సహస్ర దవాఖాన ఫైలుతో గాలి విసిరింది. తాత ఆమె చేతిని పట్టుకున్నాడు. వేళ్లలో బలం లేదు. ఆ రోజు ఆమె జేబులో దాచుకున్న చెయ్యి అదే.

ఎంతసేపటికో టమాటాల ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. తాతను పెట్టెల మధ్య పడుకోబెట్టి తీసుకుపోయారు.

"ఇంత ఆలస్యంగా తెస్తే ఎట్లా?" అని డాక్టర్ బాపు మీద కోప్పడ్డాడు. తాత ప్రాణం దక్కింది. కానీ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముక్కుకు గొట్టం ఉంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ చేరింది. తాత ఇక సొంతంగా లేచి కూర్చోలేడు.

మెకానిక్ ఇంజన్ విప్పి, నల్లబడ్డ తన వేళ్లు చూపించాడు. "ఓపెన్‌కాస్టుల తిరిగిన బండి అన్నా ఇది. లోపల బొగ్గు దుమ్ము ఉప్పుకాగితం లెక్క గీకింది. కొనేటప్పుడు ఎవరు సూసిండ్రు?"

బాపు నేరుగా జైపాల్ ఇంటి ముందుకు వెళ్లాడు. సహస్ర వెనకే పరుగెత్తింది.

"జైపాల్! బయటికి రా!"

"ఏందన్నా?"

"కారు అమ్మినోడు నీకెంత ముట్టజెప్పిండు? కమిషన్ తిని ఓపెన్‌కాస్టు బండి నా మెడకు కట్టినవ్ గదా? మా నాయిన రోడ్డు మీదనే పోతుండె!"

చుట్టుపక్కల క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. జైపాల్ ముఖం పాలిపోయింది.

"నేనా? అన్నా, నేను ఆ రోజు సీటు కింద..."

మాట మధ్యలో ఆయన చూపు బాపు వెనక నిలబడ్డ సహస్ర మీద పడింది. సహస్ర తల దించుకుంది. జైపాల్ కొంచెంసేపు ఆమెనే చూశాడు.

"నేనే సూసుకోవాలె అన్నా. తప్పు నాదే" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తర్వాత రెండు ఇళ్లకూ మాటలు లేవు. గనిలో కూడా అందరి ముందూ బాపు ఆ మాటే అన్నాడు. జైపాల్ షిఫ్టు మార్చుకున్నాడు.

ఒక రోజు బడి విడిచాక రుత్విక్ సహస్ర కోసం గేటు దగ్గర ఆగాడు. వెక్కిరిస్తాడేమో అనుకుంది. వెక్కిరించలేదు.

"మా బాపు నిజంగనే పైసలు తిన్నడా?" అని అడిగాడు. "గనిల అందరు కమిషన్ జైపాల్ అంటున్నరట. ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడుతలేడు. నువ్వు ఆ రోజు ఆడ ఉన్నవ్ గదా. చెప్పు."

సహస్ర వెనక్కి తిరిగింది. ఇంటి దాకా పరుగెత్తింది.

బాపు మంచం అంచున కూర్చుని తాతకు చెంచాతో జావ తాగిస్తున్నాడు. అమ్మ బట్టలు మడత పెడుతోంది.

"బాపూ, ఆ రోజు సీటు కింద చెయ్యి పెట్టింది నేను" అంది సహస్ర. "కాక చెయ్యి దూరలేదని నన్ను చూడుమన్నడు. నల్లగ అంటింది. తుడుచుకుని, ఏం లేదని చెప్పిన."

చెంచా మధ్యలోనే ఆగింది. "ఎందుకు?"

"క్లాసుల ఎర్ర కారు అని చెప్పిన బాపూ. అందుకే."

బాపు చెంచాను గిన్నెలో పెట్టేశాడు. కొట్టినా బాగుండేదని సహస్రకు అనిపించింది. తాత అన్నీ విన్నాడు. ఆమె వైపు చూసి, మెల్లగా కళ్లు మూసుకున్నాడు.

ముందు అమ్మ తేరుకుంది. "అయిందేదో అయింది. ఇంట్లనే ఉండనీ. బయట తెలిస్తే ఇజ్జత్ పోతది."

"గని మొత్తం ముందట దొంగ అన్న ఆయనను" అన్నాడు బాపు. "ఇప్పుడు ఏ మొఖం పెట్టుకోని పోవాలె?"

"నువ్వు కొట్లాడిన రోజే కాకకు తెలిసింది బాపూ. నన్ను చూసిండు. అయినా నా పేరు చెప్పలే."

బాపు తల ఇంకా వంగిపోయింది. "సూద్దాం తియ్యి. కొన్ని రోజులు పోనీ" అన్నాడు.

సహస్ర ఎదురుచూసింది. బాపు లేవలేదు. అమ్మ మడత పెట్టిన చీరనే మళ్లీ విప్పి మడత పెడుతోంది. ఆక్సిజన్ మిషన్ బుస్సుమంటోంది.

ఆమె బాపు చేతిలోంచి గిన్నె తీసుకుని, మిగిలిన జావ తాతకు తాగించింది. కొంగుతో అమ్మ తుడిచినట్టే, తన చున్నీ అంచుతో తాత మూతి తుడిచింది. గిన్నె కింద పెట్టి, చెప్పులు వేసుకుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా గడప దాటి, ఎండలో జైపాల్ కాక వాళ్ల తలుపు వైపు నడిచింది.