రెండు స్టార్ల స్టవ్వు

"ఈ స్టవ్వుకి స్టార్ లేబుల్ ఏదండీ?"

ఆబిడ్స్‌లో బీరయ్య గ్యాస్ స్టవ్వుల దుకాణంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి మేఘన. ఒక చేతిలో సర్వే ఫారం, ఇంకో చేతిలో తడిసిన గొడుగు. కొనడానికొచ్చిందనుకుని నాలుగు స్టవ్వులు దింపి తుడిచిన నరేశ్‌కి ఒళ్లు మండింది.

"ఫ్రిజ్జుకి, ఏసీకి తప్పదు మేడం. స్టవ్వుకి గట్ల రూల్ లేదు. కంపెనీకి ఇష్టముంటే పెట్టుకుంటది."

"తెలుసండీ, ఏ స్టవ్వు ఎంత గ్యాస్ మిగులుస్తుందో చెప్పే ఆ లేబుళ్ల సర్వేనే నా ఉద్యోగం. మీకు ఇష్టం ఎందుకు లేదా అని అడుగుతున్నా."

లోపలి నుంచి నరేశ్ తండ్రి బీరయ్య వచ్చాడు. బేగం బజార్ వెనక షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఆ స్టవ్వులు బిగించేది ఆయనే.

"ఎందుకు లేదు బిడ్డా? ల్యాబుకు పంపుతం, చూస్కోమను. ఐదు స్టార్లు రాకుంటే అడుగు!"

మేఘన నవ్వింది. నరేశ్ కోపం అక్కడితో సరి.

ఆ వానాకాలమంతా ఆమె వస్తూనే ఉంది. ఒకరోజు బర్నర్లు లెక్కపెట్టడం మరిచిపోయానంది. ఇంకోరోజు పెన్ను మరిచిపోయానంది. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ ఇద్దరూ నీలం మంట గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. అసలు సంగతి మాత్రం ఒక్క ముక్క బయటపెట్టలేదు. ప్రేమలో పడ్డవాళ్ల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

దసరా ముందు ల్యాబ్ రిజల్టూ, లేబుళ్లూ వచ్చాయి. రెండు స్టార్లు.

బీరయ్య కాగితం మూడుసార్లు చదివి సొరుగులో పడేశాడు. "పెట్టాల్నని రూలేమన్న ఉందా? మన తక్కువ మనమే చాటుకునుడెందుకు?"

నరేశ్‌కీ తల కొట్టేసినట్టయింది. మేఘన అడిగితే "ఇంకా రాలే మేడం" అనేశాడు. ఆ తర్వాత ఆమె గొడుగు కనిపిస్తే చాలు, వెనక గదిలోకి తప్పుకునేవాడు. రెండుసార్లు చూసి మేఘన రావడం మానేసింది.

ఆమె లేని సాయంత్రాలు అతనికి గడవలేదు. అన్నం సహించలేదు. పదో రోజు మెసేజ్ వచ్చింది: 'సోమవారం నుంచి నా సర్వే కరీంనగర్‌లో. మీ ఫారంలో రిజల్ట్ ఒక్కటే మిగిలింది. రేపు వస్తాను, ఈసారైనా దాక్కోకండి.'

మర్నాడు దుకాణం తెరవగానే నరేశ్ సొరుగు లాగాడు.

"నాయినా, లేబుల్ అతికిస్తున్న."

"పిచ్చి లేసిందార నీకు? గిరాకీ పోతది!"

"పోతే పోనీ. ఆ పిల్లకు అబద్ధం చెప్పిన. ఇగ నాతోని కాదు."

బీరయ్య కొడుకు మొహంలోకి చూశాడు. స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

మేఘన వచ్చేసరికి ముందు వరసలోనే లేబుల్ మెరుస్తోంది.

"రెండేనా?"

"రెండే. వచ్చి శాన రోజులైంది. సిగ్గయ్యి దాచిన." నరేశ్ చేతిలోని తుడుపు గుడ్డ పక్కన పెట్టాడు. "ఇంకోటి గూడ దాచిన మేడం. మీరంటే నాకు పానం. మీరు పోతుంటే ఇదంత ఏం చేస్కోవాల్నో సమజైతలేదు."

ఆమె ఫారంలో '2' అని రాసుకుని, పెన్నుకి మూత పెట్టి బ్యాగులో వేసుకుంది.

"నరేశ్ గారూ, మా సర్వేలో ఒక షాపుకి ఒక్కసారి వెళ్తే చాలు. నేను మీ షాపుకి పదకొండుసార్లు వచ్చాను. మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

నరేశ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు రాగానే నవ్వేశాడు.

స్టూలు మీద నుంచి బీరయ్య దగ్గు వినిపించింది.

"బిడ్డా, బర్నర్ మారిస్తే మూడన్న వస్తయా?"

"తప్పకుండా వస్తాయి అంకుల్. నాలుగూ రావచ్చు."

"మంచిది. ఆ సంగతి నేను చూస్కుంట." బీరయ్య అట్టపెట్టె మూత చింపి, జేబులోని పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాడు. "దీని మీద మీ నాయిన నంబర్ రాయి. ఆదివారం మా ఇంటామెను తీస్కొని మాట్లాడనీకి వస్తం."

మేఘన తల దించుకుని నంబర్ రాసింది. ఆయన చెయ్యి చాపినా అట్టముక్క ఇవ్వలేదు. కింద ఇంటి అడ్రసు కూడా, సందు మలుపుతో సహా, ఎవరూ అడక్కుండానే రాసి ఇచ్చింది.